మారెక్ ఇంటి కిటికీలో తెల్లటి మనిషి

మారెక్ వాళ్ళ పాడుబడ్డ ఇల్లంటే మా వైపు ఎవరికీ నోట మంచి మాట రాదు. రాత్రిపూట అడవి పందుల వేటకు వెళ్ళేవాళ్ళకి మరీను. ఆ కిటికీలో తెల్లటి మనిషి ఒకడు నిలబడి తుపాకీ గురిపెడతాడట. ఉత్త కళ్ళకి కనిపించడు — వేటగాళ్ళ థర్మల్ దుర్బిణిలోనే కనిపిస్తాడు. చీకట్లో వేడిని పట్టే యంత్రం అది. ఒంట్లో వేడి ఉన్నదేదైనా అందులో తెల్లగా వెలుగుతుంది.

మరి దెయ్యానికి ఒంట్లో వేడెక్కడిది? ఆ ప్రశ్న ఎవరూ వేసుకోలేదు.

నా దగ్గర చదువుకున్న వెల్డన్ నోట విన్నది చెబుతున్నాను.

అక్టోబరు నెల. టెక్సాస్‌లో అప్పుడే చలి మొదలైంది. పందుల మంద పడి వెల్డన్ వేరుశెనగ చేను సగం కుళ్ళగించేసింది. మిగతా సగమూ పోతే ఆ ఏడు ఇంటికి గింజ రాదు. బావమరిది లానీని వెంటేసుకుని బయల్దేరాడు.

రాత్రి వేటకి కట్టుబాట్లున్నాయి. చుట్టుపక్కల వాళ్ళకి ముందే ఫోన్ చేసి చెప్పాలి. పంది వెనకాల ఏముందో తెలియకుండా పేల్చకూడదు. ఇంటి వైపు — ఖాళీ ఇల్లయినా సరే — గురి తిప్పకూడదు.

వెల్డన్ అందరికీ చేశాడు. ఆ పాత ఇల్లు ఎప్పుడో వదిలేసి పక్కనే వేరే ఇంట్లో ఉంటున్న ముసలి ఒటీలియా మారెక్ ఒక్కతే ఫోన్ ఎత్తలేదు.

"నిద్రపోయుంటుందిలే బావా," అన్నాడు లానీ.

మంద బెదిరి ఆ ఇంటి పక్కకు మళ్ళింది. వెనకే వీళ్ళూ... కంచె దాకా వెళ్ళి, గడ్డిలో నక్కారు. లానీ తుపాకీ మీది దుర్బిణిలోంచి చూడబోయి, బిగుసుకుపోయాడు.

"బావా... కిటికీ."

"గురి దించరా."

"వాడున్నాడు. మనకేసే పెట్టాడు."

వెల్డన్ లేచి నిలబడ్డాడు. ఉత్త కళ్ళకి నల్లటి కిటికీ, అంతే. చేతిలోని దుర్బిణి ఎత్తి చూశాడు — ఒకడు కాదు... ఇద్దరు.

లానీ వేలు మీటమీదికి పోయింది.

"వద్దు. అది ఇల్లు."

"ఖాళీ ఇల్లు. దెయ్యాన్ని కాలిస్తే కేసేం పెట్టరులే."

వెల్డన్ దుర్బిణి దించకుండానే, రెండో చెయ్యి చాచి లానీ తుపాకీ గొట్టాన్ని కిందికి నొక్కాడు.

కిటికీలో ఒక తెల్లటి మనిషి... రెండోవాడి తుపాకీని కిందికి నొక్కాడు.

ఇక్కడ కాస్త ఆగి చెప్పాలి. గాజు వెలుతురును పోనిస్తుంది గాని, ఒంటి వేడిని లోపలికి పోనివ్వదు. అద్దంలా వెనక్కి తిప్పికొడుతుంది. ఇన్నేళ్ళూ మా వేటగాళ్ళు తమకు తామే గురిపెట్టుకుని పారిపోయారన్నమాట.

"నా దెయ్యం నాకంటే లావుగా ఉంది," గొణిగాడు లానీ.

వెల్డన్ నవ్వలేదు. "లోపలి వేడి కూడా బయటికి రాదు కదరా... లోపల ఎవరైనా ఉంటే?"

కిటికీ దగ్గరికి నడిచి టార్చి వేశాడు.

గాజుకి ఆనుకునే ఇనప మంచం. దుప్పటి కింద ఒటీలియా. తెల్లటి జడ, సరిగ్గా లానీ గురిపెట్టిన చోట. ఊపిరికి దుప్పటి మెల్లగా లేస్తోంది... పడుతోంది. భర్త పోయిన తేదీన ఏటా అక్కడికొచ్చి పడుకుంటుందని తరవాత తెలిసింది.

లానీ తుపాకీలోంచి తూటాలు తీశాడు. ఒకటి జారి గడ్డిలో పడింది. వెతకలేదు. ఇద్దరూ వెళ్ళి ఆ ఇంటి గుమ్మం ముందు మెట్ల మీద కూర్చున్నారు.

మళ్ళీ చేలోకి దిగిన పందులు వేరుశెనగ నములుతున్న చప్పుడు తెల్లవార్లూ వినపడుతూనే ఉంది. ఇద్దరిలో ఒక్కడూ లేవలేదు.