కూతకెళ్ళినవాడికి కోత

ఇడ్లీల ఆవిరి ఇంకా వంటింటి గడప దాటనేలేదు, రామకోటేశ్వరరావు కేక మాత్రం వీధి దాటేసింది. పేపర్లో కబడ్డీ లీగ్ వేలం ధరలు వచ్చాయి. కొడుకు చక్రి ధర నిరుడు నలభై లక్షలు, ఈసారి పద్దెనిమిది.

"ఏరా, కూతకెళ్ళేవాడికి ఇంత కోతేంటి? మోకాలు పోయిందా, మోజు పోయిందా?"

"రెండూ ఉన్నాయి నాన్నా. లీగ్‌కే రాబడి పోయింది."

"నిరుడు నీ పాయింట్లు పెరిగాయిగా, పాయింట్లు పెరిగితే ధర తగ్గుతుందా! నా చెవిలో పూలు పెట్టకు. ఆట మానేసి రేపట్నించి మన లారీల షెడ్డుకి రా."

చక్రి ఇడ్లీ ముక్క పళ్ళెంలో పెట్టేశాడు. "మ్యాచ్‌లు చూపించే టీవీవాళ్ళు లీగ్‌కి డబ్బు కడతారు. జట్లకి వాటా అందులోంచే, మా జీతాలూ అందులోంచే. చూసేవాళ్ళు తగ్గారు, యాడ్లు తగ్గాయి. ఈసారి టీవీవాళ్ళు సగమే ఇస్తామన్నారు."

"మరి టికెట్ల డబ్బులో?"

"అవి లైట్ల ఖర్చుకి వస్తే గొప్ప."

రామకోటేశ్వరరావుకి తన షెడ్డు గుర్తొచ్చింది. ఆటోనగర్‌లో ఆయన లారీ బాడీలు కట్టిస్తాడు. మొన్న వానాకాలంలో ఆర్డర్లు పడిపోతే వెల్డర్ నిసార్ అహ్మద్‌కి కూలి తగ్గించాడు. 'తగ్గింది నీ పనితనం కాదు భాయ్, బండ్లు' అన్నాడు. నిసార్ తలూపి పనిలోకి వెళ్ళిపోయాడు. ఆ మాటే ఇప్పుడు ఇంటికొచ్చి కూర్చుంది.

"అయితే జనం ఎందుకు చూడటం లేదంటావు?" ఈసారి గొంతులో కోపం లేదు, ఆరా ఉంది.

గడపలో చక్రి తల్లి వెంకటరత్నమ్మ గరిటె జారవిడిచింది. "నా వల్లేరా! రెండేళ్ళ కిందట నేను చూసిన రోజే నువ్వు పట్టుబడ్డావు. అప్పట్నించీ నువ్వు కూతకెళ్తే టీవీ కట్టేస్తున్నా. కంకిపాడులో మనవాళ్ళందరికీ ఫోన్ చేసి కట్టించేస్తున్నా."

చక్రికి నవ్వొచ్చింది. "కంకిపాడు కట్టేస్తే దేశం కట్టేసినట్టా అమ్మా?" అంతలోనే నవ్వు ఆగిపోయింది. "అంటే... రెండేళ్ళుగా ఒక్క కూతా చూడలేదా? ఎలా ఆడానో అడగరేంటా, నా ఆటంటే మీకు లెక్కలేదేమో అనుకునేవాణ్ణి."

రామకోటేశ్వరరావు లేచి టీవీలో నిరుటి మ్యాచ్ వెతికి పెట్టాడు. "షెడ్డు సంగతి నేను చూసుకుంటాలే. ఇవాళ నిసార్‌తో కూడా కూలి గురించి ఓ మాట మాట్లాడాలి. ముందు నీ ఆట చూడనీ."

తెర మీద చక్రి కూతకెళ్ళాడు. నలుగురు మీదపడి పట్టేశారు. వెంకటరత్నమ్మ ఒక్క పరుగున వెళ్ళి, చెంగుతో తెర మీది కొడుకు నుదుటి చెమట తుడిచింది.

"అక్కడ కాదమ్మా," అన్నాడు చక్రి, తడి కళ్ళతో మొహం చాపి. "ఇక్కడున్నాను."