తొమ్మిది సార్లు ఆపిన టూల్

మా ఆఫీసు లినక్స్ కంప్యూటర్‌లో బిల్డ్ టూల్ ఇన్‌స్టాల్ చెయ్యడం అరగంట పని. నాకు పది రోజులు పట్టింది. చేతకాక కాదు, మనసొప్పక.

మా ఆఫీసులో అందరూ రాసిన కోడ్‌ని ఒకచోట చేర్చి, పనిచేసే సాఫ్ట్‌వేర్‌గా తయారుచేసేది ఒకమ్మాయి. ఆ తయారీని బిల్డ్ అంటారు, ఆమెను బిల్డమ్మ అంటారు. నేను అందులో తప్పులు వెతికే టెస్టర్ని. రోజూ ఆమె సీటు దగ్గర నిలబడి "బిల్డ్ అయిందాండీ?" అని అడగడం నా ఉద్యోగం. "కాస్త కూర్చోండి" అంటుందామె. ఆ కాసేపటి కోసమే నేను చొక్కా ఇస్త్రీ చేసుకునేవాణ్ణి.

టూల్ వస్తే బిల్డ్ దానంతటదే తయారై నా మెయిల్‌కి వచ్చేస్తుంది. ఇక ఏ వంకతో ఆమె దగ్గరికి వెళ్ళను? పైగా ఆ పని మేనేజర్ నాకే అప్పగించాడు. కూర్చున్న కొమ్మను నన్నే నరుక్కోమన్నాడన్నమాట.

మొదటిరోజే పెట్టేశాను. బుద్ధిగా నడిచింది. వెంటనే ఆపేశాను. ఇవాళైనా మనసు గట్టిపడుతుందేమోనని రోజూ స్టార్ట్ చేసేవాణ్ణి, మళ్ళీ ఆపేవాణ్ణి. మేనేజర్‌తో మాత్రం ఒకరోజు "జావా వెర్షన్ కుదరట్లేదు సార్", ఇంకోరోజు "పర్మిషన్ల గొడవ సార్" అనేవాణ్ణి.

పదోరోజు జోరున వాన. తడిసిన గొడుగుతోనే బిల్డమ్మ నా సీటు దగ్గరికొచ్చింది.

"లేవండి, నేను చూస్తాను."

కూర్చుని హిస్టరీ అని కొట్టింది. మనం ఇచ్చిన కమాండ్లన్నీ పూసగుచ్చినట్టు చూపించేస్తుందది. నాకు తెలుసు, కానీ తుడిచెయ్యాలని తోచలేదు. దొంగతనం కొత్త కదా!

"స్టార్ట్, స్టాప్, స్టార్ట్, స్టాప్... తొమ్మిది సార్లు ఆపారు. పాపం, జావా మీద నింద వేశారా?"

నేను స్క్రీన్‌కి అడ్డం రాబోతే గొడుగు అడ్డం పెట్టింది.

"ఇది నడిస్తేనే మేనేజర్ నన్ను డిజైన్ టీంకి పంపుతానన్నారు. ఏడాదిగా ఎదురుచూస్తున్నాను. ఇవాళ దాటితే ఆ అవకాశం ఇంకొకరికి పోతుంది. నేనంటే అంత కోపమా మీకు?"

నామీద నాకే అసహ్యం వేసింది.

"కోపం కాదండీ, ఇష్టం. ఇది నడిస్తే మిమ్మల్ని చూడ్డానికి వంక ఉండదని ఆపాను. డిజైన్ టీం సంగతి ఒట్టు, నాకు తెలీదు."

నేనే వంగి స్టార్ట్ కొట్టాను. కంప్యూటర్ ఆన్ చేసినప్పుడల్లా టూల్ దానంతటదే లేచేలా సెట్ చేశాను. చూస్తుండగానే బిల్డ్ పూర్తయి మెయిల్ వచ్చింది.

"వెళ్ళి మేనేజర్‌కి చెప్పండి" అన్నాను, ఆమె వైపు చూడకుండా.

రెండడుగులు వేసి ఆగింది. "డిజైన్ టీం పై అంతస్తులో. మెట్లెక్కగలరా?"

"ఎక్కుతాను. కానీ వచ్చి ఏం అడగను?"

"అడగొద్దు. ఇందాక చెప్పింది మళ్ళీ చెప్పండి. మెయిల్లో పంపితే మాత్రం ఊరుకోను."

మర్నాడు డిజైన్ టీం మొత్తం తలలెత్తి చూస్తుండగా చెప్పాను.