ఖాళీ అయిన వాటా

టవర్ తూర్పు వైపు ఎండను ఆపే రెక్కలు మూసి, ఆరో అంతస్తులో మిగిలిన చలువను పదకొండో అంతస్తుకు మళ్లిస్తుండగా వినోదకు కబురందింది. తొమ్మిదో అంతస్తులో ఉండే ఓదెమ్మ కూతురు స్వరూప తెల్లవారుజామున చనిపోయింది.

రామగుండంలో ఎండ మనిషిని నిలబడనివ్వని రోజులవి. టవర్‌లో చలువగోడలు ఉండబట్టే జనం బతుకుతున్నారు. అక్కడ ఒంటి వేడి కూడా లెక్కే. ఇంటికి ఆరుగురి ఒంటి వేడికి సరిపడా ఉష్ణవాటా. అది నిండితే తలుపు తెరుచుకోదు. ఆ తలుపులను చూసుకోవడమే వినోద ఉద్యోగం.

మంథని నుంచి వచ్చిన చుట్టాలు నడవాలో గోడవారన కూర్చున్నారు. వంతులవారీగా పంపుతానని వినోద ఫోనులో చెప్పింది. ఓదెమ్మ ఎదురు చెప్పలేదు. సొంత చెల్లెలిని బయటికి పంపి, వియ్యపురాలిని లోపలికి పిలిచింది. గట్టిగా ఏడిస్తే ఒంటి వేడి పెరిగేది. గోడ మీద వేడిని చూపే గీత ఎర్రబడగానే ఎవరో ఒకరు కొంగు నోట్లో కుక్కుకునేవారు.

మధ్యాహ్నం వినోద తెర మీద సూచన వెలిగింది: ‘తొమ్మిదో అంతస్తు, ఓదెమ్మ ఇల్లు. ఒక వాటా ఖాళీ. మరొకరిని అనుమతించవచ్చు.’

ఆ ఇంట్లోంచి ఎవరూ బయటికి రాలేదు. రెండోసారి చదివాక గాని వినోదకు అర్థం కాలేదు. స్వరూప దేహం చల్లబడింది. టవర్ లెక్కలో ఆమె ఇప్పుడే ఇల్లు విడిచింది.

నియమం ప్రకారం ఇంటివాళ్లకు తెలపాలి. వినోద పైకి వెళ్లి, ఇంకొకరు రావచ్చని మాత్రం ఓదెమ్మతో అంది.

"ఎవలన్న బయటికి వోయిండ్రా బిడ్డా?" ఓదెమ్మ వెనక్కి తిరిగి చూసింది. అందరూ ఉన్నారు. ఆమె చూపు కూతురి మొహం మీద ఆగింది. "దాని జాగనా?"

వినోద తలూపింది.

"ఆ జాగల ఎవల్ని కూసోవెట్టాలె?"

వినోద తలుపు పక్కనున్న అత్యవసర పిడిని కిందికి లాగి పట్టుకుంది. తాళం విడిపోయింది. ఎన్నడూ తెరవని కిటికీ రెక్కలు విచ్చుకుని వడగాలి లోపలికి కొట్టింది. పిడి వదిలితే అన్నీ మళ్లీ మూసుకుపోతాయి. నడవాలోని వాళ్లంతా ఇంట్లోకి వెళ్లారు. అప్పటిదాకా గొంతుల్లో అణిగిన ఏడుపు ఒక్కసారిగా బయటపడింది.

ఆ ఇంటి చలువగోడలు పక్క ఇళ్ల చలువను లాక్కోసాగాయి. ఒక్కో అంతస్తూ వేడెక్కింది. వినోద ఫోను ఆగకుండా మోగింది. ఎవరు పోయారని ఒక్కరూ అడగలేదు. చలువ ఎప్పుడొస్తుందని అడిగారు. పై అధికారి రెక్కలు వెంటనే మూయమన్నాడు. ఆ వేడికి దేహం సాయంత్రం దాకా నిలవదని కూడా అన్నాడు. అది నిజమే. వినోద ఆ మాట ఓదెమ్మకు చెప్పింది.

ఓదెమ్మ కూతురి నుదుటి మీద రాలిన తన చెమటను తుడిచింది.

"జల్ది తీస్కపోతం. గంతదాక కడుపు నిండ ఏడ్వనియ్యి."

ఫోను మళ్లీ మోగింది. వినోద పిడిని వదల్లేదు.