లోపల నిద్రపోతున్న ఎలుగుబంటి

చేతిలో బొమ్మల పుస్తకం పెడితే తప్ప ఆ ఏడేళ్ళ పిల్ల జడ వేయించుకోదు. ఆ వేళ బడికి తయారవుతూ ఉలుకూ పలుకూ లేకుండా కూర్చుందంటే, అదంతా ముందురోజు మేనమామ తెచ్చిచ్చిన పెట్టె మహిమ. ‘నీలిపడవ’ బొమ్మల కథలు, ఇరవై నాలుగు పుస్తకాలూ ఉన్నాయందులో. ఓ చిన్నపిల్ల కెప్టెను, ఆమె పడవలో ముసలి ఎలుగుబంటి. వాటిలో ఒక్కదాన్ని కూడా ఆ మేనమామ ఇన్నేళ్ళలో ఎవరికీ ఇచ్చి ఎరగడు.

‘‘అమ్మా! ఎలుగు చచ్చిపోయిందే!’’

‘‘చావలేదే పిచ్చిమొద్దూ. ఆకుపసరు తాగి లేచి గంతులేస్తుంది. తర్వాత పేజీ చూడు.’’

‘‘తర్వాత పేజీలో పూడ్చేస్తున్నారు.’’

తల్లి రెండో జడ సగంలో వదిలేసి పుస్తకం లాక్కుంది. నిజమే. పదిహేడో పుస్తకం చివర్లో కెప్టెను టోపీ తీసి ఇసుకదిబ్బ పక్కన నిలబడి ఉంది. పసరూ లేదు, గంతులూ లేవు. గబగబా మిగతావి తిరగేసింది. ఆ తర్వాత ఏ పుస్తకంలోనూ ఎలుగు జాడే లేదు.

ఆ పుస్తకాలు ఇంటికొచ్చినప్పుడు ఆమెకు అయిదేళ్ళు. చదవడం రాదు. పదకొండేళ్ళ అన్నయ్య పక్కన కూర్చోబెట్టుకుని చదివి వినిపించేవాడు. తర్వాతి పుస్తకాల్లో ‘ఎలుగేది అన్నయ్యా?’ అంటే, ‘లోపల నిద్రపోతోంది’ అని గురక కూడా పెట్టి చూపించేవాడు. చెల్లెలికి చదువొచ్చేసరికి పెట్టె అటకెక్కింది. ఎంత చక్కగా బుట్టలో వేశాడు! ఆమెకు నవ్వొచ్చింది.

ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు. నాన్న ఆసుపత్రిలో పడ్డది కూడా ఆ ఏడాదే. ‘జ్వరమేనమ్మా, తగ్గిపోతుంది’ అన్నదీ అదే గొంతు. ఆమెను పొరుగింట్లో ఉంచారు. ఇంటికి తీసుకొచ్చేసరికి నాన్న లేడు. పోయిన వారం అన్నయ్య గొంతు దగ్గర గడ్డ చూసి అడిగితే, ‘డాక్టరు నవ్వి పంపేశాడు, ఏం కాదు’ అన్నాడు. మరిప్పుడు, ప్రాణంలా దాచుకున్న పెట్టెను ఉన్నట్టుండి ఎందుకు ఇచ్చేసినట్టు?

పిల్లను ఒంటిజడతోనే బడిలో దింపి, పదిహేడో పుస్తకం పట్టుకుని అన్నయ్య దుకాణానికి పరుగెత్తింది. అతను కుట్టుమిషన్లు బాగుచేస్తాడు. ఎప్పుడూ కాలు పెట్టే సందుండని ఆ గదిలో ఇవాళ అరలన్నీ ఖాళీ. చీటీలు కట్టిన రెండు మిషన్లు మాత్రం గుమ్మం దగ్గర ఉన్నాయి.

‘‘ఎవరివి వాళ్ళకి ఇచ్చేశావా?’’

‘‘పని తగ్గిందమ్మా. కూర్చో.’’

ఆమె కూర్చోలేదు. పుస్తకం తెరిచి బల్లమీద పెట్టింది. ‘‘ఎలుగేది అన్నయ్యా?’’

అతను చూసి నవ్వబోయాడు. ‘‘లోపల నిద్ర...’’

‘‘నవ్వకు! డాక్టరేమన్నాడు?’’

‘‘చెప్పానుగా, ఏం...’’

‘‘ఏం కాదన్నావంటే ఊరుకోను! నాన్నప్పుడూ ఇదే మాట. ఆఖరిచూపు కూడా దక్కనివ్వలేదు నాకు. ముప్పై మూడేళ్ళుగా లోపల కుమిలిపోతున్నాను, తెలుసా?’’

చేతిలో ఉన్న స్క్రూడ్రైవరు పక్కన పెట్టాడతను.

‘‘నాకు మాత్రం ఎవరు చెప్పారే? తగ్గుతుందన్నారు, నీకూ అదే చెప్పాను. ఎలుగు చచ్చిపోయిందని పైకి చదివితే నాన్న కూడా పోతాడేమోనని భయమేసింది. అందుకే మార్చి చదివాను. అది లేస్తే నాన్నా లేస్తాడనుకున్నా.’’

ఇన్నేళ్ళూ ఆమె, తనను మోసం చేసింది పెద్దవాడైన అన్నయ్య అనుకుంది. పదకొండేళ్ళంటే ఎంతని? తన కూతురికంటే నాలుగేళ్ళు పెద్ద, అంతేగా! తను చూపిస్తున్న కోపమంతా ఓ పసివాడి మీదని తలుచుకుంటే కళ్ళు నిండిపోయాయి.

‘‘ఇప్పుడు చెప్పు’’ అంది మెల్లగా.

‘‘గడ్డ మంచిది కాదట. గురువారం ఆపరేషను. అది అయితేగానీ ఏమీ చెప్పలేమన్నారు. మాట కూడా పోవచ్చట.’’

‘‘వదినకి?’’

‘‘ఎలా చెప్పను? నావల్ల కావట్లేదు. భయంగా ఉందమ్మా.’’

అన్నయ్య నోట ఆ మాట వినడం ఆమెకదే మొదటిసారి. ‘ఏం కాదు’ అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. దాన్ని మింగేసి, నూనె మరకల ఆ చేతిని రెండు చేతులతోనూ పట్టుకుంది.

‘‘నాకూ భయంగానే ఉందన్నయ్యా. పద, వదినకి ఇద్దరం కలిసి చెబుదాం.’’

షట్టరు సగం దించి, అక్కడే ఆగిపోయి, అతను వెక్కి వెక్కి ఏడ్చాడు. ఆమె ఊరుకోమనలేదు. పక్కనే నిలబడి తనూ ఏడ్చింది.