నడిచేవాళ్ళకే సత్రం తాళం

పుంగనూరులో గోవింద సత్రానికి తాళం వేసి ఉంది. గోడ మీద రాసిన నంబరుకు దేవేంద్ర ఫోన్ చేస్తే బెంగళూరులో ఎవరో ఎత్తి, "సీజన్‌లో రండి సార్," అని పెట్టేశారు.

సీజన్‌లో రావడం వాళ్ళమ్మ నారాయణమ్మకు కుదిరే పని కాదు. కుప్పం పక్కన గుడుపల్లెలో ఆమె పట్టుపురుగులు పెంచుతుంది. ఊరూవాడా గోవింద అంటూ తిరుమలకు నడిచే, సెప్టెంబరులో మొదలయ్యే పెరటాసి నెలలో, ఆమె షెడ్డులో పురుగులు పూటపూటకూ మల్బరీ ఆకు అడుగుతుంటాయి. ఒక పంట పట్టుగూళ్ళు అమ్మేసి, షెడ్డు కడిగి ఆరబెట్టిన ఈ ఆషాఢంలోనే ఆమెకు తీరిక. ఆషాఢంలో సత్రాలు మూసి ఉంటాయని దేవుడికి తెలియకపోతే తనేం చేస్తుంది అని ఆమె వాదన.

ఇంతకూ ఆమె నడిచేది కొడుకు పెళ్ళి కోసం. దేవేంద్ర కుప్పంలో ఒక డెయిరీలో రూట్ సూపర్‌వైజర్. జీతం ఉంది, బైకు ఉంది, ముప్పై కూడా దగ్గరపడింది. చూసిన పిల్లలందరికీ బెంగళూరు మొగుడే కావాలి. చూసి చూసి నారాయణమ్మ మొక్కుకుంది. కాలినడకన కొండకు వస్తాను, పెళ్ళయ్యాక కోడల్ని కూడా నడిపించుకొని వస్తాను అని. బండెక్కకూడదు, మందూ మాంసం నడిచే లాడ్జిలో పడుకోకూడదు. ఈ షరతులు దేవుడు పెట్టలేదు, ఆమే పెట్టుకుంది.

దేవేంద్ర పనల్లా బైకు మీద ముందు వెళ్ళి, తెరిచిన చోటు వెతికి, వెనక్కి వచ్చి చెప్పడం. వి.కోటలో ఒక కల్యాణ మండపం వాచ్‌మన్ దయతలిచాడు. ఇక్కడ ఆ దయ కూడా కనిపించలేదు. వాన మొదలైంది. అమ్మ ఊరి బయట ఎక్కడో తడుస్తూ నడుస్తోంది. ఈ రాత్రికి చోటు దొరక్కపోతే బస్సెక్కి ఇంటికి పోవాలి, మొక్కు చెడిపోతుంది.

ఎదురుగా టీ కొట్టాయన్ని అడిగాడు.

"సీజన్ లేనప్పుడు తాళం సొలొమోను దగ్గర ఉంటాది. చర్చి వెనకాల వీధి, పచ్చ గేటు," అన్నాడాయన.

దేవేంద్ర వెళ్ళాడు. పచ్చ గేటు ఉంది. గేటు మీద బైబిల్ వాక్యం, మిద్దె మీద కిందటి క్రిస్మస్‌కు కట్టి ఇంకా విప్పని నక్షత్రం ఉన్నాయి. వెంకటేశ్వరస్వామి సత్రం తాళం ఈ ఇంట్లో ఎందుకుంటుంది అనుకొని ముందుకు పోయాడు. వీధి చివరిదాకా వెళ్ళి ఇంకో పచ్చ గేటు కోసం చూశాడు, లేదు. వెనక్కి వచ్చాడు. మళ్ళీ వెళ్ళాడు.

మూడోసారి గేటు దగ్గర గొడుగు పట్టుకొని ఒక అమ్మాయి నిలబడి ఉంది.

"యాడికి పోతాండారు? మా వీధికి కాపలా పెట్టినారా మిమ్మల్ని?"

"సొలొమోను గారి ఇల్లు వెతుకుతాండానండీ."

"ఇదే."

"ఈ సొలొమోను గారు కాదు. ఇంకో సొలొమోను గారు ఎవరైనా ఉండారా?"

"ఉండాడు, ఆస్పత్రి దగ్గర. ఆయన కూడా మా చర్చే," అంది ఆ అమ్మాయి. "సొలొమోను అని పేరు పెట్టుకొని నామం పెట్టుకునే మనిషి కావాలంటే ఈ జిల్లాలో కష్టం."

దేవేంద్ర హెల్మెట్ తీసి చంకలో పెట్టుకున్నాడు. వాన నేరుగా నెత్తి మీద పడింది.

ఆమె పేరు గ్లోరియా. మదనపల్లె మిషన్ ఆసుపత్రిలో నర్సు, ఆ రోజు వీక్లీ ఆఫ్ అయి ఇంటికి వచ్చింది. వాళ్ళ నాన్న సొలొమోను అదే ఆసుపత్రిలో పుండ్లకు కట్లు కట్టి రిటైరయ్యాడు.

"సత్రం వాళ్ళు బెంగళూరు చేరినారు. వాచ్‌మన్ సీజన్ అయిపోతే ఊరికి పోతాడు. మా నాయిన నడిచేవాళ్ళ బొబ్బలకు కట్టు కట్టేదానికి ఎట్లాగూ ఆడికి పోతాడు గదా, తాళం నీ దగ్గరే ఉండనీలే అన్నారు," అని చెప్పింది. "ఇప్పుడు నాయిన ప్రార్థన కూటానికి కలికిరి పోయినాడు. తాళం నా దగ్గర ఉండాది."

"అయితే ఇయ్యండి."

"కాళ్ళు సూపించండి."

"ఏంది?"

"షూ తీసి కాళ్ళు సూపించండి. నడిచేవాళ్ళ చేతికే తాళం. బండి మీద వచ్చేవాళ్ళకు ఇచ్చేది లేదు. ఒకసారి ఇట్లే ఇస్తే లోపల బాటిళ్ళు ఏరుకున్యాము."

"నడిచేది మా అమ్మండీ. నేను ముందొచ్చినాను."

"రానీండి. ఆమె కాళ్ళు చూసి ఆమెకే ఇస్తా."

"ముసలామె వానలో వస్తాంటే మీకు రూల్స్ ముఖ్యమా?"

"మీరు నాతో కొట్లాడతాండే టైములో పోయి ఆమెకు గొడుగు ఇచ్చి ఉండచ్చు," అంది గ్లోరియా. అని తన చేతిలో గొడుగు అతనికి ఇచ్చి, తడుస్తూ లోపలికి వెళ్ళిపోయింది.

అంత కోపంలోనూ దేవేంద్రకు ఆమె జడ బాగుందనిపించింది. అలా అనిపించినందుకు తన మీద తనకు ఇంకా కోపం వచ్చింది.

నారాయణమ్మ సత్రం చేరేసరికి తలుపు తెరిచి ఉంది. నేల తుడిచి ఉంది. బకెట్లో వేణ్ణీళ్ళు, పక్కన కట్టు గుడ్డలు పెట్టుకొని గ్లోరియా మెట్ల మీద కూర్చొని ఉంది. నారాయణమ్మ అరికాలు చూడగానే ఆమె ముఖంలో ఎగతాళి పోయింది. మడమ దగ్గర బొబ్బ చితికి ఉంది.

కట్టు కడుతుంటే నారాయణమ్మ పేరు అడిగింది. గ్లోరియా చెప్పింది. నారాయణమ్మ ఆ పేరు ఒకసారి తనలో అనుకుంది. తర్వాత, "చెయ్యి మెత్తగా ఉండాది పాపా," అంది.

"ఇంత వానలో ఎందుకమ్మా నడిచేది?"

"వీడి పెళ్ళి కోసరం."

గ్లోరియా కట్టు ఆపి దేవేంద్ర వైపు చూసింది.

"పెళ్ళి మీదా?"

"ఊఁ."

"నడిచేది ఆమా?"

"ఊఁ."

"మీరు బండి మీదా?"

దేవేంద్ర మూడోసారి ఊఁ అనలేకపోయాడు. వాళ్ళమ్మ మాత్రం నవ్వింది. ఇల్లు వదిలాక ఆమె నవ్వడం అదే మొదలు.

పొద్దున దేవేంద్ర బైకు తోసుకుంటూ పచ్చ గేటు దగ్గరికి వెళ్ళాడు. "ఇది మీ ఇంట్లో పెడతాను. నేనూ నడుస్తా," అన్నాడు.

"నా మీద కోపంతోనా?"

"కోపంతోనే."

"కోపం ఉంటే తొందరగా చేరతారు," అంది గ్లోరియా. తన నంబరు ఇచ్చింది. "ముందు ఊర్లలో తాళాలు ఎవరి దగ్గర ఉండాయో నాయినకు తెలుసు. సాయంత్రం ఫోన్ చేస్తే అడిగి చెప్తా."

ఆ సాయంత్రం చౌడేపల్లె నుంచి చేశాడు. తాళం రిటైరైన టీచరు రెడ్డెప్ప దగ్గర ఉందని చెప్పింది. మర్నాడు సోమల. అక్కడ తాళం ఉన్నామె కూతురింటికి పోయి ఉంటే, గ్లోరియా డ్యూటీలోంచి ఎవరెవరికో ఫోన్లు చేసి, భజన మందిరం తెరిపించింది. తాళం సంగతి ఒక నిమిషంలో అయిపోయేది. ఫోను మాత్రం చాలాసేపు సాగేది.

"కాళ్ళెట్లుండాయి?"

"అమ్మవా, నావా?"

"అమ్మవి. మీవి నాకెందుకు?"

"బొబ్బలు లేసినాయి. చెప్తాండా అంతే."

"యాడ? మడమా, వేళ్ళా? పగలగొట్టద్దండి, సరేనా? ఫోటో పంపించండి."

ప్రేమకథల్లో పూల ఫోటోలు పంపుకుంటారు. వీళ్ళ ఫోన్లలో ఉన్నవన్నీ అరికాళ్ళే.

భాకరాపేట చేరిన సాయంత్రం ఇక ఆగలేక దేవేంద్ర చెప్పేశాడు. పెద్ద మాటలేవీ చెప్పలేదు. "మా అమ్మ నడుస్తాండేది నా పెళ్ళికి. నాకు నడిచినంత సేపూ మీరే గుర్తొస్తాండారు. నాకు మీరు కావాల," అన్నాడు.

అవతల ఆసుపత్రి వరండాలో ఎవరో ట్రాలీ తోస్తున్న చప్పుడు వినిపించింది. ఆ చప్పుడు దూరమయ్యాక గ్లోరియా మాట్లాడింది.

"నాకూ ఇష్టమే. అబద్ధం యాల చెప్పాల. కానీ నేను పేరు మార్చుకోను. ఆదివారం చర్చి మానుకోను. మీ అమ్మ మొక్కుకుంది గదా, కోడల్ని నడిపించుకొస్తానని. ఆ మొక్కు నేను మొక్కలేను. ఇదంతా తెలిసినాక కూడా మీ అమ్మే నన్ను అడగాల. మీరు అడిగింది లెక్క కాదు."

"అస్సలు లెక్క కాదా?"

"కొంచెం లెక్కే," అని ఫోన్ పెట్టేసింది.

కొండ మీద దర్శనమయ్యాక, లడ్డు చేతిలో పెట్టుకొని నారాయణమ్మ అడిగింది. "నువ్వేం మొక్కుకున్యావు?"

దేవేంద్ర దాచలేదు. పేరు చెప్పాడు, గ్లోరియా చెప్పిన షరతులు కూడా ఒక్కటీ తగ్గించకుండా చెప్పాడు.

నారాయణమ్మ లడ్డు సంచిలో పెట్టేసింది. ఇద్దరూ కొండ దిగారు. బస్సులో ఒక్కసారే నోరు తెరిచింది. "నేను ఆయనకు మాటిచ్చినాను గదరా," అంది. ఆ తర్వాత కిటికీ వైపు తిరిగి కూర్చుంది. దేవేంద్రకు ఆ రోడ్డంతా వెనక్కి నడిచి పోదామనిపించింది.

పుంగనూరు చేరింది ఆదివారం మధ్యాహ్నం. బైకు కోసం పచ్చ గేటు తెరవక తప్పదు. చర్చి నుంచి వచ్చి తెల్ల చీర ఇంకా మార్చుకోని గ్లోరియా, వరండాలో పేపరు చదువుతున్న సొలొమోను, ఇద్దరూ లేచి నిలబడ్డారు.

"కూర్చో అన్నా, నీతో మాట్లాడాల," అంది నారాయణమ్మ సొలొమోనుతో.

సొలొమోనుకు సంగతి కూతురు ముందే చెప్పినట్టుంది. "పాప ఇష్టమే నా ఇష్టం తల్లీ. ఒక్క మాట. మా తాత కూలి చేసి బతికినోడు. అది తెలిసి మాట్లాడండి," అన్నాడు.

"మా అమ్మా కూలికి పోయిందే. నిన్న మొన్న గదా మనకు జీతాలొచ్చింది," అంది నారాయణమ్మ. తర్వాత గ్లోరియాను పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంది.

"కోడల్ని నడిపించుకొస్తానని స్వామికి చెప్పినా పాపా. నువ్వు రావంట గదా."

"మీ తోడు నడవమంటే నడుస్తానమ్మా. మీ కాళ్ళకు కట్టు కడతా. మొక్కు నాది అంటే మాత్రం అబద్ధమవుతాది. మీ దగ్గర అబద్ధమాడి మీ ఇంటికి రాలేను. మీకు కష్టమనిపిస్తే పర్వాలేదమ్మా. ఇంతటితో వదిలేద్దాం."

దేవేంద్ర గోడకు ఆనుకొని నేల చూస్తున్నాడు. ఏడవడానికి సిద్ధంగా ఉన్నాడని చెప్పడానికి సిగ్గెందుకు, సిద్ధంగానే ఉన్నాడు.

"బస్సంతా ఇదే ఆలోచన చేసినా," అంది నారాయణమ్మ మెల్లగా. "ఆ మాట ఇచ్చింది నేను. నువ్వు పుట్టి యాడుండావో కూడా తెలీకుండా, నీ కాళ్ళను నేను మొక్కులో పెట్టేసినా. నిన్ను అడిగినానా? లేదు. తప్పు నాది. స్వామి దగ్గర నేను ఒప్పుకుంటా. కోడలి బదులు ఇంకోసారి నేనే నడుస్తా. అది నాకూ ఆయనకూ ఉండే మాట, నీకు పనిలేదు."

గ్లోరియా తల ఎత్తింది.

"మా దేవేంద్రను చేసుకుంటావా పాపా? నేనే అడుగుతాండా. నీ పేరుతోనే రా. ఆదివారం చర్చికి వాడే దింపుతాడు."

ప్రతి మాటకూ జవాబు జేబులో పెట్టుకు తిరిగే గ్లోరియాకు ఈసారి కళ్ళు నిండాయి. నాన్న వైపు చూసింది, దేవేంద్ర వైపు చూసింది. చివరికి నారాయణమ్మ చెయ్యి పట్టుకుంది.

"చేసుకుంటానత్తా," అంది.