వార్నిష్ వేయని తీగ

"ఏయ్! ఆగు!"

ఆమె ఆగదు.

ఇనప మెట్లు. చీకటి. ఒక చెప్పు ఎక్కడో జారిపోయింది. కింద నుంచి గార్డు టార్చి వెలుగు గోడ మీద ఊగుతూ పైకి వస్తోంది. ఆ గోడకు అవతల, హాల్లో వేల గొంతులు ఒకే పేరు అరుస్తున్నాయి.

"సైరన్! సైరన్! సైరన్!"

వాళ్లకు సైరన్. ఆమెకు చిన్నోడు. ఒకే ఒక్క తమ్ముడు.

చచ్చిపోయాడు. ఇవాళ వాడి జ్ఞాపకార్థం కచేరీ... దానికి వాడి సొంత అక్కే దొంగలా చొరబడాల్సి వచ్చింది!

మెట్ల చివర తలుపు. లోపలికి దూకి గడియ పెట్టేస్తుంది. వెంటనే దబదబా బాదుడు.

"అమ్మా! మర్యాదగా తలుపు తియ్!"

"మర్యాదగానే చెప్తున్నా, కాసేపు ఆగు బాబూ!"

"నా ఉద్యోగం ఊడగొడతావా ఏంటి?" గార్డు తిట్టుకుంటూ మనుషుల కోసం కిందికి పరుగెడతాడు.

టైం లేదు.

లైటు వేస్తుంది. గిటార్ల గది. స్టేజీ మీదికి వెళ్లే ముందు శ్రుతి చూసే చోటు. గోడ పొడవునా గిటార్లు... అన్నీ చిన్నోడి గిటారే! కంపెనీ వాడి పేరు మీద తీసిన మోడళ్లన్నీ ఇవాళ ప్రదర్శనకు తెచ్చారు. నల్లది. తెల్లది. బంగారు రంగుది. పిల్లల సైజుది. ఆ చివర వరసగా 'దెబ్బలు తిన్న మోడల్'. చిన్నోడి గిటారు మీదున్న గీతలు, పెచ్చులు, సిగరెట్ కాలిన మచ్చ... అన్నిటినీ ఫ్యాక్టరీలో అచ్చు గుద్దినట్టు దింపారు. వాడు కిందా మీదా పడి సంపాదించుకున్న దెబ్బల్ని డబ్బులిచ్చి కొనుక్కుంటున్నారు జనం.

వీటిలో ఒకటి అసలుది. ఆమెకు తెలుసు, దెబ్బలు తిన్న ఇన్నిటి మధ్య దాచేస్తే ఎవరు కనిపెడతారు?

చిన్నోడు స్టూడియో డాబా మీంచి దూకేశాడన్నారు. గిటారు మెడలో వేసుకునే దూకాడన్నారు. ముక్కలు మూటగట్టి ఇచ్చారు. ఇంటికొచ్చి ఆ ముక్కలు విప్పి చూసింది. తీగల కింద ఉండే పికప్, రాగితీగ చుట్ట... నున్నగా వార్నిష్‌తో మెరిసిపోతోంది!

అది చిన్నోడిది కాదు.

వాడి పికప్ చుట్టింది ఆమే. నాన్న ఫ్యాన్లు, మోటార్లు వైండింగ్ చేసే షాపులో, పాత ఫ్యాను తీగతో. ఏ చుట్టనైనా చివర్లో వార్నిష్‌లో ముంచాలి. లేకపోతే తీగ లోపల వదులుగా ఉండి వణుకుతుంది. కానీ ఆ రోజు వాడిది ఒకటే గోల... "అక్కా, ఇప్పుడే కావాలి, ఇప్పుడే!" ముంచకుండానే ఇచ్చేసింది. దాంతో ఆ గిటారు కీచుమని మొత్తుకునేది. దగ్గరికెళ్లి మాట్లాడితే మాట కూడా స్పీకర్లో వినపడేది. వాడికి అదే పిచ్చిగా నచ్చింది! మైకు పక్కకు నెట్టి గిటారులోకే అరిచేవాడు. అలాగే సైరన్ అయ్యాడు.

కంపెనీ వాళ్లు మాత్రం అన్నిటికీ శుభ్రంగా వార్నిష్ వేశారు.

పోలీసులకు చెప్పింది. "తీగ చూసి హత్య అంటావేంటమ్మా?" అని నవ్వారు. మేనేజర్ ఫోన్ ఎత్తలేదు. బ్యాండులో డ్రమ్ములు వాయించే డప్పుకి చెప్పింది. చిన్నోడితో కలిసి పెరిగినవాడు. ఆమె చేతి తిండి తిన్నవాడు. "మర్చిపో అక్కా," అన్నాడు వాడు.

ఎలా మర్చిపోతుంది?

అసలుది ఎవరి దగ్గరుందో, ఆ రాత్రి డాబా మీద చిన్నోడితో ఉన్నది వాళ్లే.

బల్ల మీద చిన్న స్పీకరు. నేల మీద కాలితో నొక్కే స్విచ్చి. ఒకవైపు టేపు మీద 'గది' అనీ, ఇంకోవైపు 'స్టేజీ' అనీ రాసి ఉంది. దానికో పొడవాటి కేబుల్. గదికి అటు చివర సామాన్లు తాడుతో పైకి లాక్కునే పెద్ద ఖాళీ. తలుపులు బార్లా తీసున్నాయి. అడ్డంగా ఒక్క గొలుసు. కింద చీకటి, రాళ్ల సందు. చల్లగాలి రివ్వున కొడుతోంది.

స్విచ్చి 'గది' వైపు. మొదటి గిటారుకి కేబుల్ గుచ్చుతుంది. నోరు దగ్గర పెడుతుంది.

"చిన్నోడా."

స్పీకరు ఉలకదు, పలకదు.

ఇంకోటి. "చిన్నోడా."

ఉహూఁ.

ఇంకోటి... ఇంకోటి... హాల్లో మేనేజర్ గొంతు గంభీరంగా మోగుతోంది. "ఇదిగో, మన సైరన్ స్పీకరు! ఈ రాత్రంతా ఈ స్టేజీ మీద వెలుగుతూనే ఉంటుంది!" చప్పట్లు. ఈలలు.

చివరి వరసలో, మూల, ఒకటి.

"చిన్నోడా..."

"...చిన్నోడా!" అంటుంది స్పీకరు.

ఆమె గొంతే. తుప్పు పట్టినట్టు, పక్క గదిలోంచి ఎవరో పిలిచినట్టు. ఇంట్లో వాడు చెవులు పగిలేలా వాయిస్తుంటే ఆమె వంగి ఇందులోకే అరిచేది. "తినడానికి రారా! చల్లారిపోతోంది!" వాడు ఇందులోంచే జవాబిచ్చేవాడు. "ఒక్క పాట అక్కా!"

గిటారును గట్టిగా పొట్టకు హత్తుకుంటుంది. ఏడుపు ఆగదు.

తలుపు మీద చిన్నగా తట్టిన చప్పుడు.

"అక్కా... నేను, డప్పుని."

ప్రాణం లేచొస్తుంది. గడియ తీస్తుంది.

"దొరికిందిరా! నే చెప్పలా? మేనేజరే! గార్డులు వచ్చేలోపు దీన్ని..."

"గార్డుల్ని నేనే ఆపాను," అంటూ వాడు లోపలికొచ్చి మళ్లీ గడియ పెడతాడు. "ఇలా ఇవ్వక్కా. జాగ్రత్త, పట్టీ తగిలించే గుండీ ఊడిపోయి ఉంటుంది, గీసుకుంటుంది."

ఆమె వేళ్లు గిటారు అడుగున తడుముతాయి.

నిజమే. గుండీ లేదు. చీలిన చెక్క... అదింకా ఆమే చూడలేదు!

"నీకెలా తెలుసు, డప్పూ?"

వాడు చాచిన చెయ్యి వెనక్కి తీసుకుంటాడు.

ఆమె కాలు మెల్లగా కదులుతుంది. టక్! చిన్న స్పీకరు గుయ్‌మనడం ఆగిపోతుంది.

"ఆపేశావా? మంచిది." వాడు గిటారునే చూస్తూ అంటాడు. "మనిద్దరమే మాట్లాడుకుందాం."

"చెప్పు."

"వాడు అన్నీ మూసేస్తానన్నాడక్కా. బ్యాండు, ఈ మోడళ్లు, అన్నీ. మళ్లీ షాపులో కూర్చుంటాడట. అక్క ఒక్కత్తే అయిపోయిందట! మరి నా బతుకు? డ్రమ్ములు తప్ప నాకేం వచ్చు? కోపమొచ్చింది. తోశాను. చంపాలని కాదు... ఒట్టు! పిట్టగోడ మీంచి వెనక్కి పడిపోయాడు. మెళ్లో పట్టీ గుండీతో సహా ఊడిపోయి, గిటారే పట్టుకున్నాడు. గిటారు మెడ వాడి చేతిలో, మొద్దు భాగం నా చేతిలో. వేలాడుతున్నాడు."

"తర్వాత?"

"నా పేరు పిలిచాడు."

"తర్వాత!"

"లాగాను." వాడు తన అరచేతులు చూసుకుంటాడు. "వాణ్ణి కాదు... గిటార్ని."

ఆమె గిటారు మీద చేతులు బిగిస్తుంది.

"ఇది పైన మిగిలితే నేనున్నానని తెలిసిపోతుందని, వాడి పక్కన వేరే గిటారు పగలగొట్టి పడేశాను. దీన్ని మాత్రం పారేయలేకపోయా, ఈ నకళ్ల మధ్య దాచా. ఇచ్చేయక్కా. నువ్విక దీంతో బయటికి పోలేవు."

"ఇవ్వను."

వాడు ముందుకొచ్చి గిటారు మెడ పట్టుకుంటాడు. ఉన్నట్టుండి ఆగిపోతాడు.

హాల్లో చప్పుడు లేదు. ఈలలు లేవు. వేలమంది ఊపిరి బిగబట్టినట్టు...

"అందరూ ఎందుకు ఆగిపోయారు?" అంటాడు.

"...ఎందుకు ఆగిపోయారు?" అంటుంది గోడ అవతల, కొండంత గొంతుతో, చిన్నోడి స్పీకరు.

డప్పు స్విచ్చి చూస్తాడు. 'స్టేజీ'.

"అక్కా!!"

హాలు ఒక్కసారిగా గుప్పుమంటుంది. మెట్ల మీద బూట్ల మోత. వాడు గిటారును గుంజుతూ వెనక్కి, వెనక్కి... గొలుసు తెగుతుంది!

ఆమె బోర్లా పడుతుంది. గిటారు మొద్దు భాగం ఆమె చేతుల్లో. మెడ వాడి చేతుల్లో. వాడి కాళ్ల కింద ఏమీ లేదు.

"లాగక్కా... లాగు!"

ఆ మాట కూడా హాలంతా వింటోంది.

వదిలేస్తే చాలు. ఎవరూ తప్పనరు. వదిలేయాలనే ఉంది ఆమెకు, ఒళ్లంతా అదే అంటోంది. కిందికి చూస్తుంది. ఆ కళ్లు... చిన్నోడి కళ్లు కూడా ఇలాగే చూసుంటాయి. ఇలాగే నమ్మి ఉంటాయి.

తీగలు వాడి వేళ్లను కోస్తున్నాయి. పట్టు జారుతోంది.

ఆమె ఒక చెయ్యి తీసి వాడి మణికట్టు పట్టుకుంటుంది. రెండో చెయ్యీ కావాలి.

గిటారు వదిలేస్తుంది.

కేబుల్ ఇంకా ఊడలేదు. గిటారు పడుతున్నంతసేపూ గాలి ఊళ పెడుతుంది హాల్లో... ధన్!! తుపాకీ పేలినట్టు. ఆ తర్వాత సన్నటి కూత. అదీ ఆగిపోతుంది.

తలుపు విరిగి గార్డులు లోపలికి పడతారు. తలా ఒక చెయ్యి వేసి డప్పుని పైకి లాగేస్తారు. వాడు ఆమె కాళ్ల దగ్గర కుప్పకూలతాడు.

ఆమె వాడి మణికట్టు ఇంకా వదల్లేదు. ఊపేస్తోంది.

"ఇలా... ఇలా లాగితే సరిపోయేది కదరా!"

ఆ మాట హాల్లో ఎవరికీ వినపడదు.