సూదక్కను ఎవరూ అడగలేదు

కాఫీలు అయ్యాక సూదక్క బల్ల మీద దుప్పటి పరిచి కర్టెన్లు ఇస్త్రీ చేస్తోంది. మోటార్‌హోమ్‌లు తయారుచేసే కార్ఖానాలో సీట్లు, పరుపులు, కర్టెన్లు కుట్టీ కుట్టీ ఆమెకా పేరు పడింది. అసలు పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఇప్పుడు ఇంట్లో కూడా లేరు. లోపలే మంచం, వంటగట్టు, బాత్రూమ్ అమర్చిన ఆ పెద్ద బళ్ళలో జనం ఊళ్ళు తిరుగుతారు, ఆమె కుట్టిన పరుపుల మీద పడుకుంటారు. ఆమె మాత్రం ఆ బళ్ళను షెడ్డులోంచి గేటు దాకా నడపడమే తప్ప, వాటిలో ఒక్క రాత్రయినా నిద్రపోయి ఎరగదు.

ఈ మధ్యే కార్ఖానా డీజిల్ అక్కర్లేని మోటార్‌హోమ్ ఒకటి కట్టింది. అంతా బ్యాటరీయే. ఇలాంటివి ఇంకా కట్టాలా, ఇంతటితో ఆపాలా అన్నది యజమానికి తేలడం లేదు. ఎవరైనా కొన్నాళ్ళు అందులోనే కాపురముండి, కొండలూ సముద్రపు ఒడ్డూ తిరిగొచ్చి ఉన్నదున్నట్టు చెబితే బాగుంటుందని, అక్కడే బ్యాటరీల పని చూసే సూదక్క కూతురు సలహా ఇచ్చింది. పెద్ద బళ్ళ లైసెన్సు చేతిలో ఉన్న సూదక్క నేను వెళ్తానంది. యజమాని సరేనన్నాడు. ఆ రోజు నుంచీ ఆమె కాలు నేల మీద నిలవడం లేదు.

"అంత తొందరేం లేదులే, తీరిగ్గా చెయ్యి," అన్నాడు ఆమె భర్త మేస్త్రి, పేపర్లోంచి తల ఎత్తకుండా. అదే కార్ఖానాలో ఇంజన్లు బాగుచేసి రిటైరైన మనిషి ఆయన. కరెంటు బండి మాటెత్తితే చాలు, ముఖం గంటు పెట్టుకుంటాడు.

"తొందర లేకపోవడమేంటండీ? ఇవాళో రేపో తాళం ఇస్తారు."

ఆయన పేపరు తిప్పాడు.

బయట గేటు చప్పుడైంది. కూతురు లోపలికొస్తూనే తల్లి చేతిలోంచి ఇస్త్రీపెట్టె లాక్కుంది. "ఈ పని ఇప్పుడెందుకమ్మా? నడుం ఎలా ఉంది?"

"నా నడుముకేమైంది?"

కూతురు తండ్రి వైపు చూసింది. పేపరు మాత్రం కదల్లేదు.

"నొప్పితో లేవలేకపోతున్నావని, నీవల్ల కాదని నాన్న ఆఫీసుకొచ్చి చెప్పాడే. ఓనరు వేరే దంపతులకి ఇచ్చేస్తున్నాడు. కర్టెన్లు తగిలించి అప్పగిద్దామని బండి తెచ్చా. బయటే ఉంది."

సూదక్క స్విచ్ ఆపింది. కర్టెన్ మడత పెట్టింది. విప్పి మళ్ళీ మడత పెట్టింది. అలా నెమ్మదించిందంటే ఆమె ఒళ్ళు మండుతోందని ఆ ఇంట్లో అందరికీ తెలుసు.

"నాకు నడుం నొప్పని మీకెవరు చెప్పారు?"

మేస్త్రి పేపరు పక్కన పెట్టాడు. "నీ మంచికే చెప్పాను. అదొక బండా? వాన్‌కి పరుపేసి బ్యాటరీ తగిలిస్తే ఇల్లయిపోతుందా? ఫ్రిజ్జుకీ అదే, లైట్లకీ అదే, చక్రాలకీ అదే. ఎక్కడో అడివిలో ఆగిపోతుంది."

"ఆగితే ఆగుతుంది. వెళ్ళేది నేను. నా నోరు పడిపోయిందా, నా బదులు మీరెళ్ళి చెప్పడానికి?"

"ఇంటి మగవాణ్ణి, ఆ మాత్రం చెప్పకూడదా?"

"చెప్పకూడదు." ఆమె గొంతు పెరగలేదు. "పెళ్ళైనప్పట్నుంచీ వింటున్నాను. ఈ ఇంజనైపోనీ వెళ్దాం, ఆ ఇంజనైపోనీ వెళ్దాం. మీ ఇంజన్లు అయ్యేసరికి నా జుట్టు నెరిసింది. ఇప్పుడు మిమ్మల్ని తీసుకెళ్ళమని కూడా అడగలేదే. నేను వెళ్తానంటే దానికీ అడ్డమేనా?"

"అమ్మా, నాన్న ఉద్దేశం..." అని కూతురు ఏదో సర్దబోయింది.

"నువ్వు మాట్లాడకు. ఆయన పాతకాలం మనిషి, సరే. నీ దగ్గర నా నంబర్ లేదా? ఒక్క ఫోన్ కొట్టి, నిజమేనా అమ్మా అని అడగడానికి నీకేమైంది? ఆఫీసులో నీ పని గురించి నీ మొగుడొచ్చి చెబితే ఊరుకుంటావా?"

కూతురి ముఖం ఎర్రబడింది.

"తాళం ఇటివ్వు."

"అమ్మా, చార్జింగ్ సగమే ఉంది."

"ఇమ్మన్నానా?"

కూతురు ఇచ్చింది. సూదక్క కర్టెన్లు చంకన పెట్టుకుని మెట్లు దిగింది. ఇంట్లో తొడుక్కునే చెప్పులతోనే మేస్త్రి వెనకాల పరిగెత్తాడు. "నీకేమన్నా పిచ్చెక్కిందా? దిగు," అని అరుస్తూనే అవతలి తలుపు తీసి పక్క సీట్లో కూలబడ్డాడు. బండి కదిలింది. చప్పుడే లేదు. ఆయన అరుపు ఆయనకే పెద్దగా వినిపించిందేమో, టక్కున నోరు మూశాడు.

ఆమె ఊరు దాటించి కొండదారి పట్టించింది. కావాలనే పట్టించింది. ఎక్కుతున్నకొద్దీ అద్దం కింద తెర మీద చార్జింగ్ అంకె గబగబా పడిపోసాగింది.

"చూశావా? తాగేస్తోంది."

"మీ డీజిల్ బళ్ళు కొండెక్కేటప్పుడు ఉపవాసం చేశాయా?"

ఆయన పళ్ళు నూరుకున్నాడు. కొండ మీద మలుపు తిరిగి బండి దిగడం మొదలుపెట్టింది. ఆమె పెడల్ మీంచి కాలు తీసేసినా దానంతటదే పట్టి పట్టి దిగుతోంది. చక్రాల ఊపుకే బ్యాటరీ కాస్త నిండుతూ, పడిపోయిన అంకె మెల్లిగా పైకి లేచింది. మేస్త్రి ముందుకు వంగి చూశాడు. ఏదో అడగబోయి మానేశాడు. ఆమె అది గమనించింది, కానీ దారి మీంచి చూపు తిప్పలేదు. ఆమెకింకా కోపం దిగలేదు.

కొండ కింద చార్జింగ్ చోటుంది. అక్కడ గీసిన గీతలన్నీ కార్ల కొలతకే. ఈ బండి సగం లోపల, సగం దారిలో. వెనకాల కారాయన హారన్ మీంచి చెయ్యి తీయలేదు.

"ఇల్లు తెచ్చి రోడ్డు మీద పెడితే ఎలాగమ్మా? డ్రైవింగ్ రాకపోతే రావడమెందుకు?"

మేస్త్రి ఒక్క దూకున దిగాడు. "ఎవరికి రాదు డ్రైవింగ్? నువ్వు బండి నడపడం నేర్చుకోకముందే ఆవిడ వీటిని రివర్స్‌లో షెడ్డులో పెట్టేది. గీతలు గీసినవాణ్ణి తిట్టు, ఆవిణ్ణంటే ఊరుకోను." ఆ కోపంలోనే వెనక నిలబడి చెయ్యి ఊపి, బండిని ఓ పక్కకి పెట్టించాడు. కారాయన గొణుక్కుంటూ వెళ్ళిపోయాడు.

తీగ తగిలించాక ఇద్దరూ లోపల చిన్న బల్లకు చెరోవైపు కూర్చున్నారు. నిండేదాకా చేసేదేం లేదు. ఆమె టీ పెట్టి, ఆయన ముందు కప్పు కాస్త గట్టిగానే పెట్టింది.

ఆయన కప్పు ముట్టుకోలేదు.

"మన కార్ఖానా బండి ఎక్కడ ఆగినా నాకే ఫోన్ వచ్చేది. చప్పుడు వినిపించమనేవాణ్ణి. విని, జబ్బేంటో చెప్పేవాణ్ణి. ఇది ఆగితే వినడానికేముంది? మూత ఎత్తితే మూసిపెట్టిన పెట్టె, దాని మీద ముట్టుకోవద్దని పుర్రె బొమ్మ. నువ్వెక్కడో ఒక్కదానివే ఉండి ఫోన్ చేస్తే నేనేం చెప్పను? ఏమీ తెలీదని చెప్పాలా?"

ఇంత కాపురంలో ఆయన తెలీదన్న మాట అనగా సూదక్క వినలేదు. కళ్ళు చెమర్చాయి. దానికి కూడా కోపమొచ్చి, కొంగుతో గట్టిగా తుడిచేసుకుంది.

"ఈ మాటే చెప్పొచ్చుగా. నా నడుం విరగ్గొట్టడమెందుకు?"

"చెబితే నవ్వుతావని."

"నవ్వేదాన్నే. నవ్వి, వెళ్ళేదాన్ని."

ఆయన తల దించుకున్నాడు. "తప్పయిపోయింది."

ఆమె ఫోన్ మోగింది. కూతురు. "అమ్మా, నిన్నడక్కపోవడం తప్పే. ఓనరుకి ఫోన్ చేసి నిజం చెప్పేశా. వాళ్ళకి ఇవ్వడం ఆపాడు. నువ్వే వెళ్ళమన్నాడు. బండి ఎలా ఉందో కూడా అడిగాడు."

"కొండెక్కితే గుటకలేస్తోంది, దిగితే కాస్త కక్కుతోంది. చార్జింగ్ చోట్లు కార్లవాళ్ళ కోసం కట్టారు, మనకి వీపు కూడా పట్టదు. ఆ సంగతి చూడకుండా ఎన్ని కట్టినా అమ్ముడుపోవు. చూస్తే అమ్ముడుపోతాయి. చప్పుడు లేకపోవడం బాగుంది. ఇద్దరు మనుషులు కొట్టుకుంటే ప్రతి మాటా వినిపిస్తోంది." ఫోన్ ఇంకో చెవికి మార్చుకుంది. "నీ మీద కోపం ఇంకా ఉంది. ఇంటికొచ్చాక అన్నం తిని, అప్పుడు తిడతా."

అటువైపు కూతురు ఏడుపూ నవ్వూ కలిసిన చప్పుడేదో చేసింది.

మేస్త్రి బల్ల మీద వేలితో గీతలు గీస్తున్నాడు. "ఈ బండి ఆగిపోతే మొట్టమొదట ఏం చూడాలో, నాలాంటివాడికి నేర్పుతుందేమో కాస్త అడుగు అమ్మాయిని."

సూదక్క ఫోన్ ఆయన చేతిలో పెట్టింది.

"మీరే అడగండి. మీ బదులు నేనెందుకు అడగాలి?"

ఆయన ఫోన్ చెవికి ఆనించుకున్నాడు. తర్వాత గొంతు సవరించుకున్నాడు. "అమ్మలూ, నేను నాన్నని. నాకో సంగతి తెలీదు, కాస్త చెబుతావా," అన్నాడు.

సూదక్క లేచి, చల్లారిపోయిన ఆయన టీ తీసుకెళ్ళి మళ్ళీ వేడి చేసింది.